ఇంగువకు ఇచ్చిన మర్యాద

ఉగాది రోజు పొద్దున పులిహోర పోపులో ఇంగువ వేసి నిమిషమైనా కాలేదు, వీధి తలుపు దబదబా మోగింది. తీసి చూస్తే రెండు అంతస్తుల కింద ఉండే పిన్నిగారు. మెట్లెక్కిన ఆయాసం, ముక్కుకు అడ్డంగా పమిట చెంగు. "గ్యాసు కారుతోంది, ముందు పొయ్యి ఆర్పమ్మా" అంటూనే నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్లారు. సిలిండరు దగ్గర వంగి వాసన చూశారు. రబ్బరు గొట్టం పొడవునా చెయ్యి పోనిచ్చి తడిమారు. నిదానంగా లేచి బాణలి వైపు తిరిగి, "ఇందులోంచా?" అన్నారు. ఇంగువ డబ్బా మూత తీసి చూపించాను. ఒక్కసారి పీల్చి మొహం తిప్పేసుకున్నారు.

"ఇది తింటారా అమ్మా మీరు?"

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. మామూలుగా మేం వాడే కొట్టు ఇంగువ కింది అంతస్తు దాకా దిగదు. అందులో పిండి, జిగురు కలిపి ఘాటు తగ్గిస్తారు. ఆ రోజు వాడింది మా తమ్ముడు హాథ్రస్ నుంచి తెచ్చిన ముద్ద ఇంగువ. శనగగింజంత వేసినా ఇల్లంతా కమ్ముకుంటుంది.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతాను. వంటగ్యాసుకు దాదాపు వాసన ఉండదనీ, కారితే మనకు తెలియడం కోసం ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక పదార్థాన్ని అతి కొద్దిగా కలుపుతారనీ ప్రతి ఏడూ చెప్పే పాఠమే. ఇంగువ ఘాటుకు మూలం కూడా గంధకం ఉన్న పదార్థాలే. పిన్నిగారి ముక్కు తప్పు చెప్పలేదు. పైగా విశాఖపట్నంలో వాసన పసిగట్టి పరుగెత్తుకు వచ్చిన మనిషిని చూసి నవ్వడానికి ఎవరికీ నోరు రాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో నిద్రపోతున్న ఇళ్లలోకి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి పాకింది. ఆ తరువాత ఈ ఊళ్లో కొత్త వాసన తగిలితే ముందు పిల్లలు ఎక్కడున్నారో చూసుకుంటాం. ఆమె మా క్షేమం కోరి రెండు అంతస్తులు ఎక్కి వచ్చారు.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. కారణం తరువాత చెబుతాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దాని నోటు పుస్తకం వెనక పేజీలో "ఎప్పటికైనా రుచి చూడవలసినవి" అని ఒక జాబితా ఉంది. నేను, మావారు పుట్టుకతో శాకాహారులం. పిల్లకు మాత్రం ఆ కట్టుబాటు పెట్టలేదు. అది ఇష్టపడింది తింటుంది. డురియన్ పండు, జపాన్ వారి పులిసిన సోయా గింజలు నట్టో, ఫ్రాన్స్ వారి రోక్‌ఫోర్ జున్ను, స్వీడన్ వారి సుర్‌స్ట్రొమ్మింగ్, ఎర్ర చీమల పచ్చడి. ఇదీ వరస. చీమలను పక్కన పెడితే మిగిలిన నాలుగూ కంపుకు పేరుపడ్డవే. ఈ వయసు పిల్లలే కాదు, మా స్టాఫ్ రూములో కబుర్ల మధ్య ఈ మాట వచ్చినప్పుడు పెద్దవాళ్లు చెప్పే పేర్లు కూడా దాదాపు ఇవే. వింటున్నవాళ్ల కళ్లు మెరుస్తాయి. "అబ్బ, ఒక్కసారైనా తినాలి" అంటారు.

ఆ కోరికలో నాకు తప్పేమీ కనబడదు. తెలియని రుచి కోసం నోరూరడం మనిషికి ఉన్న మంచి గుణాల్లో ఒకటి. నా పేచీ అంతా ఆ కోరిక ఎంత దూరంలో మొదలవుతోందన్న దాని మీదే.

డురియన్‌నే చూడండి. సింగపూర్ మెట్రో రైళ్లలో దాన్ని తీసుకెళ్లకూడదని బొమ్మ గీసి మరీ పెట్టారు. 2018లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒక విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో గ్యాసు కారుతోందని అందరినీ బయటికి పంపి వెతికితే, ఒక అలమరలో కుళ్లిపోయిన డురియన్ దొరికింది. మా పిన్నిగారి సంగతికి అచ్చంగా కవల. ఇది యాదృచ్ఛికం కూడా కాదు. ఇథైల్ మెర్కాప్టాన్‌కు శాస్త్రంలో మరో పేరు ఇథేన్‌థయాల్. డురియన్ వాసనలోని ముఖ్యమైన పదార్థాల్లో అదీ ఒకటి. అంటే సిలిండరులో మనం కలుపుకుంటున్న దాన్ని ఆ చెట్టు తనంతట తాను తయారుచేసుకుంటోంది. మరో సంగతి నాకు ఇంకా నచ్చుతుంది. వృక్షశాస్త్రం లెక్కన డురియన్‌ది బెండకాయ, పత్తి, మన గోంగూర ఉన్న కుటుంబమే. చూడాలంటే మలేషియా దాకా వెళ్లనక్కరలేదు, నీలగిరుల దిగువన కల్లార్, బర్లియార్ ప్రభుత్వ తోటల్లో కాస్తుంది. గోంగూరకు చుట్టమని తెలిశాక మా అమ్మాయి దాన్ని జాబితాలో మొదటి స్థానానికి మార్చింది.

సుర్‌స్ట్రొమ్మింగ్ అంటే బాల్టిక్ సముద్రంలో దొరికే హెర్రింగ్ చేప. కుళ్లకుండా ఆపడానికి చాలినంత ఉప్పు మాత్రమే వేసి పులియబెడతారు. ఉప్పు పిరమైన రోజుల్లో, ఎండ బలం లేని దేశంలో నిలబడ్డ ఉపాయం. డబ్బాలో పెట్టాక కూడా పులుస్తూనే ఉంటుంది కాబట్టి డబ్బా ఉబ్బుతుంది. అందుకే దాన్ని ఆరుబయట తెరుస్తారు. మన తీరంలో ఎండకు కొదవ లేదు. అక్కడ చేప పులిసింది, ఇక్కడ చేప ఎండింది. పని మాత్రం ఒక్కటే: వల నిండిన రోజున దొరికినదాన్ని వల ఖాళీగా వచ్చే రోజుకు దాచుకోవడం.

నేను చెప్పవలసిన కారణం ఇక్కడే ఉంది.

పిన్నిగారు పుట్టింది పెద జాలరిపేటలో. మా అపార్ట్‌మెంటుకు వచ్చి ఎనిమిదేళ్లు. మొదట్లో వాళ్ల వరండాలో చేటలో నెత్తళ్ళు ఎండబెట్టేవారు. వేలెడంత చేపలు, ఒంటి పక్కన వెండి జరీ అంచులా ఒక చార. పచ్చివి తెచ్చి, ఉప్పునీళ్లలో కడిగి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఓపికగా పరిచేవారు. మధ్యాహ్నం ఒకసారి తిరగేసేవారు. రెండు ఎండలు తగిలాక చేట కదిపితే ఎండుటాకుల్లా గలగలమనేవి. కాకుల కోసం పక్కనే ఒక కర్ర పెట్టుకుని పీట మీద కూర్చునేవారు.

మూడేళ్ల కిందట మే నెలలో ఒక కాగితం ఇంటింటికీ తిరిగింది. "ఎండు చేపల దుర్వాసన వలన నివాసితులకు తీవ్ర ఇబ్బంది కలుగుచున్నది" అని టైపు చేసి ఉంది. ఏడో సంతకం నాది. చదివాను, పెన్ను తీసుకున్నాను, పెట్టాను, మళ్లీ గిన్నెలు కడుక్కోవడానికి వెళ్లిపోయాను. ఎవరమూ ఆమె గుమ్మం తొక్కి "పిన్నిగారూ, వాసన ఇబ్బందిగా ఉంది, ఏం చేద్దాం?" అని అడగలేదు. కాగితం మాత్రం వాళ్లింటికి పంపారు. మర్నాటి నుంచి చేట కనబడలేదు.

ఏ నెలలో పంపామో చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేటను ఆపేస్తారు. ఫిషింగ్ హార్బరులో పడవలన్నీ లంగరు వేసుకుని ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. పచ్చి చేప కరువై ధర మండే ఆ రెండు నెలలే ఎండు చేప అక్కరకు వచ్చే రోజులు. సరిగ్గా అప్పుడే మేం ఒక ముసలామె చేటను లోపల పెట్టించాం. అందులో సంతకం చేసిన నేను, మూడేళ్లు తిరిగాక, మా అమ్మాయి జాబితాలో స్వీడన్ పులిసిన చేప పేరు చదివి "భలే ఉందే" అని మెచ్చుకున్నాను. రెండూ చేపలే. ఒకటి దూరాన ఉంది కాబట్టి దాని కంపు నాకు సాహసంలా అనిపించింది. రెండోది రెండు అంతస్తుల కింద ఉంది కాబట్టి ఫిర్యాదు అయింది.

దూరానికి ఇంత మర్యాద ఎందుకు ఇస్తాం? దూరపు కంపు మన కిటికీలోకి రాదు. దాని వెనక మనిషి ఉండడు. ఆ మనిషి ఏ పేటలో పుట్టాడు, అతని పక్కన కూర్చోవచ్చా కూడదా అన్న ప్రశ్న రాదు. ఎండు చేపల వాసన మా గుమ్మంలోకి వచ్చినప్పుడు మేం విసుక్కున్నది ఒక్క వాసననేనా? ఆ కాగితం మీది "నివాసితులు" అనే మాటలో పిన్నిగారు లేరు. ఆమె కూడా ఇల్లు కొనుక్కుని, నెలనెలా నిర్వహణ రుసుము కడుతున్న నివాసితురాలే. ఆ మాట టైపు చేసిన చేతికీ తట్టలేదు, సంతకం పెట్టిన నా చేతికీ తట్టలేదు. ఊళ్లో "శాకాహారులకు మాత్రమే" అని రాసిన టు-లెట్ బోర్డుల పక్కనుంచి రోజూ నడిచి వెళ్లేవాళ్లం కదా, కళ్లు అలవాటు పడిపోయాయి.

ఇంగువ సంగతి చూడండి. ఎక్కడో ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్ కొండల్లో పెరిగే మొక్క వేరును గాటు పెడితే కారే పాలు గడ్డకట్టి ఇంగువ అవుతుంది. వందల ఏళ్లుగా మనం కొనుక్కుంటూనే ఉన్నాం. మన దేశంలో పండించే ప్రయత్నంగా హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొదటి మొక్క నాటింది 2020 అక్టోబరులో. జర్మన్లు దాన్ని "సైతాను పెంట" అన్నారు. మనం మాత్రం దాన్ని పప్పుచారులోకి, పులిహోరలోకి, దేవుడి ప్రసాదంలోకి తెచ్చుకున్నాం. మన భాషలోకీ తెచ్చుకున్నాం. పాత వైభవం పోయినా ఆనవాలు మిగిలినవాళ్లను "ఇంగువ కట్టిన గుడ్డ" అంటాం. మా వంశంలో మొదటిసారి ఇంగువ వాసన చూసిన ఇల్లాలి మొహం ఆ ఉగాది నాడు పిన్నిగారి మొహంలాగే ముడుచుకుని ఉంటుంది. అయినా దాన్ని నూనెలో వేసింది. వేడి నూనెలో ఇంగువ వాసన మెత్తబడి మరొకటవుతుందని కనిపెట్టింది. ఒక విదేశీ జిగురుకు అంత ఓపికగా చోటిచ్చిన వంటిల్లు మాది. మా సముద్రంలో పట్టి, మా ఎండలో ఎండిన చేపకు ఆ ఓపిక ఎందుకు లేదు?

మా స్టాఫ్ రూములో ఈ మాట అంటే ఒకావిడ బాధగానే అడిగింది: "కడుపులో తిప్పుతుందండీ. అది నా చేతుల్లో ఉందా?" నిజాయతీ గల ప్రశ్న. నాకూ తిప్పేది. తీపి మీద ఇష్టం, చేదు మీద అయిష్టం పుట్టుకతోనే వస్తాయి. పురిటి బిడ్డ నాలుక మీద చుక్క వేసినా తెలుస్తుంది. కానీ ఫలానా వాసన అసహ్యం అన్నది చాలావరకు పెద్దవాళ్ల మొహాలు చూసి పిల్లలు నేర్చుకునేదే. నేర్చుకున్నది మార్చుకోవచ్చు. 1982లో అమెరికాలో లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరురాలు రెండేళ్ల పిల్లలకు ఎన్నడూ తినని జున్నులు, పండ్లు రుచి చూపించారు. కొన్నిటిని రెండుసార్లు, కొన్నిటిని ఇరవైసార్ల దాకా. ఎన్ని ఎక్కువసార్లు నోటికి తగిలితే అంత ఇష్టం పెరిగింది. మనకు ఈ సంగతి పరిశోధన చెప్పాలా? కాకరకాయ పులుసు తొలి ముద్దకే నచ్చిన పిల్ల ఎవరు? ఏటా ఉగాది పచ్చడిలో వేపపువ్వు పెట్టి, మొహం ముడిచినా సరే మింగించి, మర్నాడు మళ్లీ ఇడ్లీలోకి పచ్చడి గిన్నె ముందుకు తోసి మనకు చేదు నేర్పారు. కొత్త రుచి మీద తొలి ముద్దతో తీర్పు చెప్పడం అన్యాయం. అది ఆ పదార్థాన్ని చూసి చెప్పే తీర్పు కాదు, మన పాత అలవాట్లతో పోల్చి చెప్పేది.

నా అనుభవమే ఒకటి చెబుతాను. రెండేళ్ల కిందట బొర్రా గుహలు చూసి వస్తున్నాం. దారి పక్కన వెదురు గొట్టాల్లో కోడిమాంసం కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతున్నారు. బొంగులో చికెన్ కోసం కార్లు వరస కట్టాయి. దాన్ని కాలుస్తున్నామెకు నలభై ఏళ్లుంటాయి. తన మధ్యాహ్నం భోజనంగా ఎండిన సొరకాయ బుర్రలోంచి చోడి (రాగి) అంబలి వంచుకుని తాగుతోంది. అంత జనంలో ఆ బుర్రలో ఏముందని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. ఆశ్చర్యపోయి, గ్లాసు రెండుసార్లు కడిగి, నిండా పోసి ఇచ్చింది. మొదటి గుక్క నచ్చలేదు. పులుపు, కాస్త మట్టివాసన, చల్లదనం. ఆమె ఎదురుగా నిలబడి నా మొహమే చూస్తోంది కాబట్టి తాగుతూ పోయాను. సగం గ్లాసు దాటాక ఆ పులుపు అడుగున చోళ్ళ తియ్యదనం దొరికింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఇది అమ్మేది కాదమ్మా" అంది. ఇప్పుడు మా ఇంట్లో వేసవి అంతా అంబలే. అయినా ఆ బుర్రలోని చల్లదనం స్టీలు గిన్నెకు రాలేదు.

ఎర్ర చీమల పచ్చడి గురించి కూడా అమ్మాయికి చెప్పాను, దానికి విమానం ఎక్కనక్కరలేదని. ఆకులను పట్టుదారంతో కుట్టి గూళ్లు కట్టే చీమలు అవి. ఫార్మిక్ ఆమ్లం వల్ల పుల్లగా ఉంటాయి. ఒడిశాలోని సిమిలిపాల్ చీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బస్తర్ సంతల్లో అలాంటిదాన్నే చాప్డా అంటారు. విశాఖపట్నంలో కిరండూల్ రైలెక్కితే అరకు, కోరాపుట్ దాటి జగదల్‌పూర్‌లో దిగవచ్చు. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి వేసిన దారి అది. పిల్ల మ్యాపు తెచ్చుకుని వేలితో గీత గీసింది. దాని జాబితాలోని చాప్డా ఆ గీతకు ఒక కొసన, నట్టో సముద్రం దాటాక రెండో కొసన ఉన్నాయి. మధ్యలో మేం ఉన్నాం.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. అందరూ అన్నీ తినాలని నేను అనడం లేదు. నేను చేప తినను, ఇకమీదట కూడా తినబోను. తినకపోవడం నా పళ్లేనికి సంబంధించిన సంగతి. పక్కవాళ్ల చేటను లోపల పెట్టించడం వాళ్ల పళ్లేనికి సంబంధించినది. ఈ రెంటినీ ఒకే గాట కట్టి "మా ఆచారం" అనే పేరు పెట్టుకున్నాం. నాకు నచ్చాలన్న షరతు లేకుండా ఎదుటివాళ్ల తిండికి చోటివ్వగలిగితేనే దూరపు రుచుల జాబితా రాసుకునే అర్హత నాకు ఉందని నమ్ముతున్నాను.

ఉగాది నాడు పిన్నిగారికి గిన్నెలో పులిహోర పెట్టి పంపాను. మర్నాడు గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని వేయించిన వేరుశనగలు పోసి తెచ్చారు. "చింతపండు బాగా పట్టింది. ఆ వాసన మాత్రం నాకు పట్టలేదమ్మా, మా మనవడు తిన్నాడు" అన్నారు. ఆ తరువాత మా పోపు వాసన ఎన్నిసార్లు కిందికి దిగిందో లెక్కలేదు. ఆమె నుంచి ఏ కాగితమూ రాలేదు.

మా అమ్మాయి వాళ్లింట్లో ఎండు నెత్తళ్ళు, వంకాయ కూర తింది. మొదటి రోజు వంకాయలు ఏరుకుని తిని వచ్చింది. రెండోసారి రెండు చేపలు తింది. మూడోసారి నన్ను అడక్కుండానే వెళ్లింది. ఇంటికి వచ్చి జాబితాలో ఎన్నడూ రాయని ఆ పేరు రాసి, పక్కన తారీఖు వేసి టిక్కు పెట్టింది.

జూన్‌లో అసోసియేషన్ కార్యదర్శికి ఉత్తరం ఇచ్చాను, పాత ఫిర్యాదు మీద నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని. "ఇప్పుడెందుకండీ, అది ముగిసిపోయిందిగా" అన్నారు ఆయన. ముగియలేదండీ, వరండా ఇంకా ఖాళీగానే ఉంది అన్నాను. నాతో పాటు మూడో అంతస్తు మాస్టారు ఒక్కరే సంతకం చేశారు. మిగిలినవాళ్లు ఆలోచించి చెబుతామన్నారు.

ఆ సాయంత్రం కిందికి దిగి, "పిన్నిగారూ, అప్పటి కాగితం మీద నా సంతకం కూడా ఉంది" అని చెప్పాను. ఆమె చింతపండు పిక్కలు తీస్తున్నారు. తల ఎత్తలేదు.

"తెలుసమ్మా. కాగితం నాకే కదా ఇచ్చారు."

ఆ మూడేళ్లూ తెలుసు. తెలిసే, ఉగాది నాడు గ్యాసనుకుని, ఆయాసపడుతూ రెండు అంతస్తులు ఎక్కి వచ్చారు. నాకు మాట పెగలలేదు. ఆమే కాసేపాగి అన్నారు.

"వేట మొదలయింది. వాన తెరిపిచ్చి ఎండ కాస్తే నెత్తళ్ళు పెడతాను. ఆ రెండు రోజులూ నీ బట్టలు అటు పక్క తీగ మీద ఆరేసుకో."